"పడితే పడ్తది, లేకుంటే లేదు, అందుకే సగం సార్": దత్తాంశాలు, సంభావ్యత పాఠాలకు క్లాసులో ఏం చేయిస్తున్నారు?

పరకాల_లెక్కల_సార్

అందరికీ నమస్తే. జెడ్పీ హైస్కూల్లో గణితం చెప్తాను. 7, 8, 10 తరగతులు నా దగ్గరే. పదో తరగతిలో 13వ అధ్యాయం సంభావ్యత, 14వది సాంఖ్యక శాస్త్రం. పుస్తకం చివర్లో ఉండటంతో వీటి దగ్గరికి వచ్చేసరికే స్పెషల్ క్లాసులు, ప్రీ ఫైనల్ టెన్షన్ మొదలైపోతాయి. సూత్రం రాయించి, పాచికల లెక్కలు రెండు, పేకముక్కల లెక్కలు రెండు చేయించి ముగిస్తున్నాం. మార్కులు వస్తున్నాయి, కాదనను.

నిన్న ఊరికే అడిగాను, "రేపు వాన పడే సంభావ్యత ఎంతరా?" అని. ఒకడు లేచి ఠక్కున "1/2 సార్" అన్నాడు. ఎట్లా అంటే "పడితే పడ్తది, లేకుంటే లేదు. రెండే కద సార్". క్లాసంతా వాడి వైపే. పైగా మనం రాయించిన సూత్రం పట్టుకునే మాట్లాడుతున్నాడు: అనుకూల పర్యవసానాలు ఒకటి, మొత్తం పర్యవసానాలు రెండు.

"సమసంభవం అయితేనే, అంటే అన్ని పర్యవసానాలకూ ఒకే అవకాశం ఉంటేనే ఆ సూత్రం వర్తిస్తుంది" అని బోర్డు మీద రాశాను. రాసుకున్నారు. అంతే, రాసుకున్నారు.

నోటితో చెప్తే ఈ ముడి వీడేలా లేదు. మీ క్లాసుల్లో ఏమేం చేయిస్తున్నారో చెప్పండి. ప్రొజెక్టర్ లేదు, పెద్దగా ఖర్చు పెట్టే వీలూ లేదు. కింది తరగతుల దత్తాంశ నిర్వహణకు పనికొచ్చేవైనా సరే.

పది_రిజల్ట్స్

సార్, మంచి ఆలోచనే. కానీ నూటికి నూరు శాతం పాస్ అని మీద నుంచి ఒత్తిడి ఉన్నప్పుడు గవ్వలు, గోళీలు పట్టుకుని కూర్చుంటే ఎట్లా? ఈ అధ్యాయంలో వచ్చే ప్రశ్నలు నాలుగైదు రకాలే. ఆ రకాలు పట్టిస్తే వెనకబడ్డ పిల్లవాడు కూడా రాస్తాడు. ఆటలు 7, 8 తరగతుల్లో ఆడించండి, పదిలో వద్దు.

సుద్దముక్క

రిటైరైనవాణ్ణి, నాకు టైముంది, కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందుగా ఆ పిల్లవాణ్ణి ఏమీ అనకండి. ఫ్రాన్సులో డాలంబెర్ అని పెద్ద గణితవేత్త ఉండేవాడు. 1754లో విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో ఆయనా ఇలాంటి లెక్కే వేశాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం ఎంత? మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయింది, ఒకటి. బొరుసు తర్వాత బొమ్మ, రెండు. రెండుసార్లూ బొరుసే, మూడు. మూడింట్లో రెండు అనుకూలం, కాబట్టి 2/3 అన్నాడు. అసలు జవాబు 3/4 అని మన పదో తరగతి పిల్లలు చెప్తారు. మీ వాడు డాలంబెర్ బెంచీలోనే కూర్చున్నాడన్నమాట.

దీన్నే ఆటగా పెట్టండి. ముగ్గురేసి పిల్లల్ని కూర్చోబెట్టి రెండు నాణేలివ్వండి. రెండూ బొమ్మలైతే ఒకడికి పాయింటు, రెండూ బొరుసులైతే ఇంకొకడికి, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు అయితే మూడోవాడికి. ఆట మొదలయ్యే ముందు "ముగ్గురికీ సమానమేనా?" అని అడిగి చేతులెత్తించండి. దాదాపు అందరూ సమానమే అంటారు. పది పదిహేను నిమిషాలు ఆడనివ్వండి. మూడోవాడు గెలుస్తూ పోతుంటే మిగతా ఇద్దరూ గొడవకు దిగుతారు, మనకు కావాల్సిందీ ఆ గొడవే.

ఇందులో ఒక కిటుకు ఉంది. రెండూ ఒకేలాంటి రూపాయి బిళ్ళలు ఇవ్వకండి. ఒకటి రూపాయి, ఒకటి అయిదు రూపాయలు ఇవ్వండి. అప్పుడు "రూపాయి బొమ్మ, అయిదు బొరుసు" వేరు, "రూపాయి బొరుసు, అయిదు బొమ్మ" వేరు అని కళ్ళకే కనిపిస్తుంది. ఒకేలాంటి బిళ్ళలిస్తే ఆ రెండూ ఒకటేనని వాదిస్తారు, మనం ఎంత చెప్పినా వినరు.

ములుగు_మేడం

సుద్దముక్క సార్ చెప్పింది బాగుంది. కానీ నాణెంతో ఒక చిక్కుంది. బొమ్మా బొరుసూ రెండూ సమానమని పిల్లలకు ముందే తెలుసు. పాచికా అంతే. సమానంగా పడే వస్తువులే చేతికిస్తూ పోతే, ప్రపంచంలో ఏదైనా సమానమే అనుకోక ఏం చేస్తారు? అందుకే నేను సంభావ్యత గవ్వలతో మొదలుపెడతాను.

మా వైపు అష్టాచెమ్మ రాని పిల్ల ఉండదు. నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిల పడితే అన్ని గడులు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగు గడులు. నాలుగూ బోర్ల పడితే అష్ట, ఎనిమిది గడులు. ఈ లెక్క చెప్పాల్సిన పని లేదు, వాళ్ళే నాకు నేర్పుతారు.

మొదట ఒక్క గవ్వే ఇస్తాను. వెల్లకిల పడుతుందా బోర్ల పడుతుందా, రెండే కదా, మరి సగం సగమేనా? జతకు ఒక గవ్వ, ఒకరు వేయాలి, ఒకరు గణన చిహ్నాలు గీయాలి. అయిదో గీత అడ్డంగా కొట్టడం 6వ తరగతిలో నేర్చుకుని మర్చిపోయినవాళ్ళకు ఇక్కడ మళ్ళీ గుర్తొస్తుంది. యాభై సార్లయ్యాక బోర్డు మీద ప్రతి జత లెక్కా రాస్తాం. ఒక జతకు 17 వస్తే ఇంకో జతకు 24 రావచ్చు. అయినా అన్నీ కూడితే సగానికి రాదని అర్థమవుతుంది. "రెండే రకాలుగా పడినా సగం కాదు" అని ఎవరో ఒకరు అనేదాకా నేను నోరు తెరవను.

తర్వాత నాలుగు గవ్వలు. చెమ్మ తొందరగా పడుతుందా, అష్టనా? ఇంట్లో ఆడే ఆడపిల్లలు చాలాసార్లు సరిగ్గానే చెప్తారు. ఎందుకని అడిగితే మాత్రం "గంతే మేడం, మా నాయనమ్మ గట్లనే అంటది" అంటారు.

పరకాల_లెక్కల_సార్

మేడం, ఇది నాకు చాలా నచ్చింది. మరి నాలుగు గవ్వలకు సైద్ధాంతిక సంభావ్యత (వేసి చూడకుండా లెక్కతో తేల్చేది) ఎట్లా చెప్పాలి? గుణకార నియమం పదిలో లేదు కదా.

ములుగు_మేడం

చెప్పను సార్. గవ్వలకు ప్రయోగమే దిక్కు అని వాళ్ళకు తెలియడమే కావాలి. పోల్చడానికి మాత్రం నాలుగు నాణేలు వేయిస్తాను. 16 పర్యవసానాలూ బోర్డు మీద రాసేస్తాం. నాలుగూ బొరుసులు 1, ఒక బొమ్మ 4, రెండు బొమ్మలు 6, మూడు 4, నాలుగు 1. అంటే నాణేలతో అష్టాచెమ్మ ఆడితే చెమ్మకూ అష్టకూ ఒకటే అవకాశం, 1/16. గవ్వలతో ఆడితే అట్లా ఉండదు.

మన కోసం, అంటే టీచర్ల కోసం చెప్పాలంటే: ఒక గవ్వ నూటికి 40 సార్లు వెల్లకిల పడుతుందని అనుకోండి. అప్పుడు చెమ్మ అవకాశం 0.4ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 2.56 శాతం. అష్టకు 0.6ను నాలుగుసార్లు, 12.96 శాతం. అయిదు రెట్లు! ఒకటి పడటానికీ రెండు పడటానికీ చెరో 34.56 శాతం, మూడుకు 15.36. కూడితే సరిగ్గా 100. గవ్వ మారితే ఈ 40 మారుతుంది, దాంతో అన్నీ మారతాయి.

నర్సంపేట_8బి

నాలుగు గవ్వలూ ఒకేలా ఉండవు కదా మేడం? ఒకటి బొద్దుగా, ఒకటి పలచగా ఉంటుంది.

ములుగు_మేడం

అవును తమ్ముడూ. ఆ మాట పిల్లలతో అనిపించగలిగితే ఆ రోజు పాఠం అక్కడ ఆపేసినా నష్టం లేదు. గవ్వలకు నంబర్లేసి దేని లెక్క దానికే రాయమంటాను. గవ్వలు దొరకకపోతే చింతగింజలు. బండ మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీయాలి. ఎంత అరగదీస్తే ఎట్లా పడుతుందో మారుతుంది. "నాకు తెల్లవైపు ఎక్కువసార్లు పడే గింజ చేసి తీసుకురండి" అని ఇంటిపని ఇచ్చి చూడండి. తెల్లారి ఒక్కొక్కడూ జేబు నిండా తెస్తాడు.

పది_రిజల్ట్స్

ఇదంతా జూదం నేర్పినట్టు ఉందని ఎవరైనా అంటే?

కాజీపేట_మేడం

అనేస్తారు కూడా. మాకు తెలిసిన ఒక బడిలో టీచర్ నిజం పేకముక్కలు క్లాసుకు తీసుకెళ్తే ఒక తండ్రి వచ్చి "మా పోరనికి మీరే పత్తాలాట నేర్పుతున్నరా" అని హెడ్‌మాస్టర్ దగ్గర గట్టిగా అరిచి పోయాడు. ఆయన బాధ ఆయనది. కానీ పరీక్షలో 52 పేకముక్కల ప్రశ్న రావడం మాత్రం మానదు. ఆడపిల్లలు చాలామందికి ఇస్పేటు ఏంటో, కళావరు ఏంటో తెలియదు. ముఖ ముక్కలు 12 అని బట్టీ పడతారు. జాకీ ముఖం చూడకుండానే!

నేను చేసిన పని: పెళ్ళి పత్రికల అట్టలు కోసి బతుకమ్మ పూల కట్ట తయారు చేయించాను. తంగేడు, గునుగు, బంతి, కట్ల. నాలుగు పూలు, పూవుకు 13 ముక్కలు, మొత్తం 52. ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఆపై కోడలు, అత్త, అమ్మమ్మ అని మూడు ముఖాలు. జాకీ, రాణి, రాజు ఉండే చోటే వాళ్ళున్నారు కాబట్టి ముఖ ముక్కలు నాలుగు మూళ్ళు 12 అని బట్టీ పట్టే పని లేదు. ఎరుపు, నలుపు రంగుల ప్రశ్నకు తంగేడు, బంతి ముక్కల అంచుకు ఎర్ర స్కెచ్, మిగతా రెండింటికి నల్ల స్కెచ్. 26, 26. ఇది బాగా అలవాటయ్యాక అసలు పేరు పక్కన రాయించాను: తంగేడు అంటే ఆఠీను, బంతి అంటే డైమను, గునుగు అంటే ఇస్పేటు, కట్ల అంటే కళావరు. పరీక్షలో తడబడలేదు.

పది_రిజల్ట్స్

ఇది నేను కూడా చేయిస్తాను మేడం. నిజంగా పనికొచ్చేది ఇదే.

జనగామ_గ్రాఫ్

కింది తరగతుల సంగతికి వద్దాం. వృత్తరేఖాచిత్రం, అదే పై చార్ట్ (pie chart), చెప్పేటప్పుడు పిల్లలు కోణమానిని పట్టుకుని కుస్తీ పడతారు. 360తో గుణించాలా భాగించాలా అన్న తికమక ఎప్పుడూ ఉండేదే. మేం గ్రౌండులో పిల్లలతోనే పై చార్ట్ వేస్తాం.

36 మందిని గుండ్రంగా నిలబెట్టాలి. మనిషికి 10 డిగ్రీలు, లెక్క తేలిక. క్లాసులో 40 మంది ఉంటే మనిషికి 9, 30 మందైతే 12. బడికి ఎట్లా వస్తారన్నది ప్రశ్న: నడిచి, సైకిల్ మీద, ఆటోలో, బస్సులో. నడిచి వచ్చేవాళ్ళంతా ఒకచోట, సైకిల్ వాళ్ళంతా పక్కనే, అట్లా వరుసగా నిలబడాలి. మధ్యలో ఒక పిల్లవాడు తాళ్ళ కొసలన్నీ పట్టుకుని నిలబడతాడు. ఒక గుంపు అయిపోయి ఇంకో గుంపు మొదలయ్యే ప్రతి చోటికీ ఒక తాడు లాగాలి. తాడు వెంట ముగ్గుపిండి పోస్తే చాలు, నేల మీద పై చార్ట్. "నడిచి వచ్చేవాళ్ళు 14 మంది, అయితే ఎన్ని డిగ్రీలు?" అంటే 140 అని వెంటనే చెప్తారు. క్లాసులోకి వచ్చాక అదే నోట్‌బుక్‌లో గీస్తారు.

వాన పడితే లోపల చేయడానికి ఇంకో పద్ధతి. 36 గడులున్న కాగితపు పట్టీ తీసుకుని ఒక్కో గడి ఒక్కో పిల్లకు, రకానికో రంగు. అది కమ్మీ చిత్రం, అంటే బార్ గ్రాఫ్. పట్టీ రెండు కొసలు కలిపి అతికిస్తే గుండ్రమైన గాజు అవుతుంది. కాగితం మీద పెట్టి రంగు మారే చోట్ల చుక్కలు పెట్టి కేంద్రానికి గీతలు కలిపితే అదే వృత్తరేఖాచిత్రం. బార్ గ్రాఫూ పై చార్టూ ఒకే లెక్కకు రెండు రూపాలని చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

భూపాలపల్లి_ప్రైమరీ

మాది ప్రైమరీ, ఇద్దరమే టీచర్లం. పటచిత్రానికి, అంటే బొమ్మలతో లెక్క చూపే చిత్రానికి, బతుకమ్మ సీజనే బంగారం. పిల్లలు తెచ్చిన పూలు నేల మీద వరుసలుగా పేర్పిస్తాను. ఇక్కడ ఒక్క జాగ్రత్త: గుమ్మడి పువ్వు పెద్దది, గునుగు సన్నది. పూలు పక్కపక్కన పేరిస్తే మూడు గుమ్మడి పూల వరుస ఆరు గునుగు పూల వరుస కంటే పొడుగ్గా కనిపిస్తుంది. "ఏది ఎక్కువ?" అంటే గుమ్మడి అంటారు. అప్పుడు ముగ్గుతో సమానమైన గడులు గీసి గడికి ఒక పువ్వు పెట్టిస్తాను. పటచిత్రంలో బొమ్మలన్నీ ఒకే సైజులో ఎందుకుండాలో మాటల్లో చెప్పే పని తప్పింది.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజులకూ మిగతా రోజులకూ హాజరు ఎట్లా ఉందో అయిదో తరగతి పిల్లలతో బార్ గ్రాఫ్ గీయించాను. ఫలితం ఇక్కడ రాయను, మీ బడిలో మీరే వేసి చూసుకోండి 😄

ఎనుమాముల_బిడ్డ

మా నాన్న పత్తి రైతు. నేను చదువుకునే రోజుల్లో సగటు, మధ్యగతం (వరుసలో పెడితే నడిమి విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) మూడూ ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పేటప్పుడు మార్కెట్ ధరలతోనే మొదలుపెడతాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రోజూ జెండా పాట ఉంటుందని మీకు తెలుసు. అన్నిటికన్నా మంచి సరుకుకు పలికిన ధర అది. తెల్లారి పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చేదీ అదే. పిల్లలు ఇంట్లో వినేది ఇంకోటి: "పేపర్ల గంత రాసిండ్రు, మాకు గంత రాలే". ఇది మోసమా, లెక్కా? కొంత మోసం కూడా ఉండొచ్చు, కానీ లెక్క చాలా ఉంది.

కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్లో ప్రతి మార్కెట్‌కూ మూడు ధరలు పెడతారు: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర. ఆ మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో అది, మన బాహుళకం. రైతుకు కావాల్సింది అదే. సగటు వ్యాపారికి పనికొస్తుంది, మొత్తం కొన్నదానికి ఎంత పెట్టాలో తెలుస్తుంది కాబట్టి. గరిష్ఠం పేపర్‌కు పనికొస్తుంది.

క్లాసులో ఇట్లా చేస్తాం. పది చీటీల మీద పది కుప్పల ధరలు రాస్తాను (నా ఊహవే, క్వింటాలుకు): 5800, 6200, 6400, 6400, 6400, 6500, 6600, 6700, 6900, 7600. పిల్లలు ముగ్గురు మూడు పాత్రలు. విలేకరి 7600 రాస్తాడు. వ్యాపారి సగటు వేస్తే 6550. రైతుకు 6400. మధ్యగతం అయిదో, ఆరో విలువల మధ్య 6450. "పత్తి రేటు ఎంత?" అన్న ఒక్క ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒక్కటీ అబద్ధం కాదు. వ్యాప్తి, అంటే గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా, 1800 అని కూడా అక్కడే చెప్పించండి, తేమ శాతం వల్ల, రకం వల్ల అంత తేడా ఎందుకొస్తుందో పిల్లలే చెప్తారు. మిర్చి అయితే ఇంకా మజా. తేజ ధరనూ చపాటా ధరనూ కలిపి సగటు తీయొచ్చా అని అడగండి.

సుద్దముక్క

చివరి ప్రశ్న ఒక్కటే ఒక పీరియడ్‌కు సరిపోతుంది. వేర్వేరు రకాలను కలిపి సగటు తీస్తే వచ్చే సంఖ్యకు ఏ కుప్పా ఉండదు.

నర్సంపేట_8బి

సగటు ఎప్పుడు నమ్మకూడదో చెప్పడానికి మన దగ్గరే ఒక సంఖ్య ఉంది. 2023 జూలై 27 పొద్దున 8:30కు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతకుముందు రాష్ట్రంలో 24 గంటల రికార్డు 2013 జూలై 19న వాజేడులో పడ్డ 517.5. రాష్ట్రంలో ఏడాది మొత్తం సగటున పడే వానే సుమారు 900 మిల్లీమీటర్లు. ఒక్క రోజులో ఎంత పడిందో చూడండి.

అయిదు చోట్ల వాన అనుకుందాం: 100, 120, 150, 180 (ఈ నాలుగూ పాఠం కోసం పెట్టుకున్నవి), అయిదోది 649.8. సగటు 239.96. అయిదింట్లో నాలుగు చోట్ల అంత వాన పడనే లేదు! మధ్యగతం 150. లక్ష్మీదేవిపేటలో 649.8కి బదులు 200 పడి ఉన్నా మధ్యగతం 150గానే ఉంటుంది, సగటు మాత్రం 150కి పడిపోతుంది. పిల్లలు ఆ 649.8ని చెరిపి వాళ్ళకు నచ్చిన సంఖ్య పెట్టి చూస్తూ ఉంటారు.

"మధ్యగతమే మంచిది సార్" అని తేల్చేస్తే అప్పుడు ఇంకో ప్రశ్న వేయండి: చెరువు కట్ట ఎంత ఎత్తు కట్టాలో చెప్పే ఇంజినీరుకు ఏది కావాలి? మధ్యగతం చూసి కట్టిన కట్ట ఆ రోజు ఉండేదా?

పక్కనే ఇంకో లెక్క. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మా క్లాస్ రూము కప్పు 8 మీటర్లు, 6 మీటర్లు, 48 చదరపు మీటర్లు. ఆ రోజు వాన మా కప్పు మీద పడి ఉంటే 31,190 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు నిండి ఇంకా మిగులుతుంది. మిల్లీమీటరంటే ఏంటో ఆ రోజు అర్థమైంది పిల్లలకు.

ములుగు_మేడం

ఆ వానలో మా పిల్లల ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. ఆ సంఖ్య బోర్డు మీద రాసినప్పుడు మా క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. మీరు ఈ లెక్క చేయించండి తమ్ముడూ, కానీ మా వైపు బళ్ళలో చేయించేవాళ్ళు కాస్త చూసుకుని మొదలుపెట్టండి.

నర్సంపేట_8బి

తప్పకుండా అక్కా.

సుద్దముక్క

పుట్టినరోజుల లెక్క ఎవరూ ఎత్తలేదేం? 23 మంది ఉన్న గదిలో ఇద్దరికి ఒకే రోజు పుట్టినరోజు ఉండే అవకాశం సగం దాటుతుంది. 40 మంది అయితే దాదాపు 89 శాతం. పిల్లలు అస్సలు నమ్మరు.

కానీ మన బళ్ళలో ఒక తమాషా ఉంది. అడ్మిషన్ రిజిస్టర్ తీసి నెలవారీగా కమ్మీ చిత్రం గీయించండి. జూన్ కమ్మీ కొబ్బరిచెట్టంత లేస్తుంది. నిజంగా అంతమంది జూన్‌లో పుట్టారా? బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలియకపోతే వయసు సరిపోయేలా జూన్‌లో ఏదో ఒక తేదీ వేసిన కాలం ఒకటుంది. పాత రిజిస్టర్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆసుపత్రి కాన్పులు, జనన ధ్రువపత్రాలు పెరిగాక తగ్గుతూ వచ్చింది. పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు రెండూ పక్కపక్కన గీయిస్తే ఊరి చరిత్రే కనిపిస్తుంది. దత్తాంశం ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా గ్రాఫ్ గీయకూడదని పుస్తకంలో ఎక్కడా ఇంత బాగా రాయలేరు. పేర్లు, తేదీలు పిల్లలకు చూపించకండి, నెలల లెక్క మాత్రం తీసి ఇవ్వండి.

పరకాల_లెక్కల_సార్

మా అమ్మది కూడా జూన్ 1 సార్ 😀 మా మేనమామది కూడా.

ఇంకో సందేహం. నాణెం పదిసార్లు వేయిస్తే ఏడు బొమ్మలు వచ్చాయని ఒకమ్మాయి "మరి 1/2 ఎట్లా సార్?" అంది. ఎక్కువసార్లు వేస్తే సగం అవుతుందని చెప్పాను. "అయితే వచ్చేసారి బొరుసులు ఎక్కువ పడతాయా?" అంది. దీనికేం చెప్పాలి?

సుద్దముక్క

నాణేనికి జ్ఞాపకం లేదని చెప్పండి. లెక్కతో చెప్పాలంటే కెరిచ్ అనే గణితవేత్తది తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధ శిబిరంలో ఉండి 10,000 సార్లు నాణెం వేశాడాయన. 5,067 బొమ్మలు. మీ అమ్మాయికి పదింట్లో ఏడు వచ్చాయి, సగం కంటే రెండే ఎక్కువ. కెరిచ్‌కు సగం కంటే 67 ఎక్కువ! అంటే తేడా పెరిగింది. కానీ మీ అమ్మాయిది 0.7, కెరిచ్‌ది 0.5067. మొదట ఎక్కువైన బొమ్మలను తర్వాత బొరుసులు వచ్చి సరిచేయవు. వేసే సంఖ్య పెరిగేకొద్దీ ఆ తేడా దాని ముందు చిన్నదైపోతుంది. ఒక్కో పిల్ల పదిసార్లు వేసి బోర్డు మీద కూడుతూ పోతే, ఒక్కొక్కరి తర్వాత నిష్పత్తి గ్రాఫ్‌లో చుక్క పెట్టించండి. మొదట గంతులేసే గీత చివరికి చదునవుతుంది.

జనగామ_గ్రాఫ్

దానికి తోడు ఇంకోటి. సగం క్లాసు నిజంగా వందసార్లు నాణెం వేసి రాయాలి, సగం క్లాసు వేయకుండా ఊహించి రాయాలి. కాగితాలు కలిపేసి నాకిస్తారు, ఏది దొంగదో నేను చెప్తాను. ఊహించి రాసేవాళ్ళు వరుసగా ఆరు బొమ్మలు రాయడానికి భయపడతారు. నిజంగా వందసార్లు వేస్తే బొమ్మలో బొరుసులో వరుసగా ఆరు పడే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది. వరుసగా ఆరు లేని కాగితం మీద అనుమానపడితే చాలావరకు దొరుకుతారు. అప్పుడప్పుడు నిజంవాడే దొరుకుతాడనుకోండి, అప్పుడు క్లాసులో పండగే.

పది_రిజల్ట్స్

సరే, మీరంతా ఇంత చెప్తున్నారు కాబట్టి నాదీ ఒకటి. లీపు సంవత్సరంలో 52 వారాలు పోగా రెండు రోజులు మిగులుతాయి, కాబట్టి 53 ఆదివారాలు వచ్చే సంభావ్యత 2/7 అని బట్టీ పట్టిస్తాం కదా. మా పిల్లవాడొకడు సెల్‌లో క్యాలెండర్ చూసి "సార్, 2028 లీపు, శనివారంతో మొదలైతది, 53 ఆదివారాలు ఉన్నయి. ఇంకా 2/7 ఏంది, 1 కదా?" అన్నాడు. వాడికి నేను చెప్పింది: నీకు ఏ సంవత్సరమో తెలిస్తే 1 లేదా 0. చీటీ మూసి పెట్టి ఏదో ఒక లీపు సంవత్సరం తీయమంటే 2/7. సరేనా?

సుద్దముక్క

సరే సరే. చీటీల దగ్గర మాత్రం చిన్న మెలిక. మన క్యాలెండర్ 400 ఏళ్ళకోసారి అచ్చం అలాగే తిరిగొస్తుంది. ఆ 400 ఏళ్ళలో లీపు సంవత్సరాలు 97. వాటిలో 53 ఆదివారాలున్నవి 28. అంటే చీటీలన్నీ వేసి తీస్తే 28/97. మన 2/7 అంటే 28/98. సంవత్సరం మొదలవడానికి వారంలో ఏడు రోజులూ సమసంభవం అనుకున్నాం, సరిగ్గా సమసంభవం కావు! పరీక్షలో మాత్రం 2/7 రాయించండి, లేకపోతే మార్కు పోతుంది.

పది_రిజల్ట్స్

వామ్మో. ఇది పిల్లలకు చెప్పను సార్.

ఎనుమాముల_బిడ్డ

యాదృచ్ఛికం అంటే ఏంటో ఊళ్ళోనే చూపించొచ్చు. దిగుబడి అంచనాకు పంట కోత ప్రయోగాలు చేసే ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) ఒకసారి బడికి పిలవండి. వరి చేనులో 5 మీటర్లు 5 మీటర్ల గడి ఎక్కడ తీసుకోవాలో ఆయనకు నచ్చిన చోట తీసుకోకూడదు, యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారమే అడుగులేసి పోవాలి. "గట్టు పక్కన మంచిగ పండింది, ఆడ కోయరాదు?" అని రైతు అడుగుతాడు. ఎందుకు కోయకూడదో పిల్లలతో చెప్పించండి. గ్రౌండులో గడ్డి మీద కట్టెపుల్లలతో చదరం పెట్టి, చీటీలు తీసి, తుమ్మి మొక్కలు లెక్కపెట్టించి మొత్తం గ్రౌండుకు అంచనా వేయిస్తే అదే ప్రయోగం. మేడారం జాతర ఫొటో ప్రింటు మీద గడులు గీసి తలలు లెక్కపెట్టించినా అంతే.

భూపాలపల్లి_ప్రైమరీ

జూన్ 29 గణాంక దినోత్సవం, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. బడి తెరిచిన కొత్తలోనే వస్తుంది. మన తెలుగాయన, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 102 ఏళ్ళు బతికి 2023 ఆగస్టులో పోయారు, అదే ఏడాది ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. ఆయన ఫొటో పెట్టి ఆ రోజే బతుకమ్మ ముక్కలు, గవ్వలు మొదలుపెడితే జనవరి దాకా ఆగే పని ఉండదు కదా.

పరకాల_లెక్కల_సార్

ఈ మాట బాగుంది. ఈసారికి ఎట్లాగూ టైం లేదు కాబట్టి పదో తరగతికి రెండే చేస్తాను: రూపాయి, అయిదు బిళ్ళల ఆట, ఒక్క గవ్వ లెక్క. ఏడో తరగతికి గ్రౌండులో పై చార్ట్. మేడం, గవ్వలు ఎక్కడ తెచ్చారు? మా పరకాలలో రెండు దుకాణాలు అడిగాను, లేవన్నారు.

ములుగు_మేడం

వరంగల్ చౌరస్తా వైపు పూజా సామాన్ల దుకాణాల్లో అడగండి సార్, లేకుంటే జాతరల్లో దొరుకుతాయి. చిన్నవి తీసుకోండి, పెద్దవి బెంచీ మీద నుంచి దొర్లిపోతాయి. కింద గోనెసంచి పరిస్తే చప్పుడు కూడా ఉండదు. పక్క క్లాసు సార్ వచ్చి అడగడు.

కాజీపేట_మేడం

ముక్కల అట్ట సైజు మెసేజ్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు. 6 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు. వెనకవైపు ప్రింటు ఉన్న పత్రికలు వద్దు, వెనక డిజైన్ చూసి పిల్లలు ముక్క గుర్తుపట్టేస్తున్నారు.

పది_రిజల్ట్స్

అప్పుడు సంభావ్యత 1 అవుతుంది మేడం.